గ్రహణం రోజు వల వెయ్యొచ్చా? ఇంకొన్ని ప్రశ్నలు

ప్రశ్న: నమస్తే సార్, మాది గోపాల్‌పూర్, మా మావయ్య ఫైబర్ బోటు మీద వేటకెళ్తాను. సూర్యగ్రహణం రోజు వల వేస్తే గంగమ్మకి కోపం వస్తాదని మావయ్య అంటాడు. పక్క వీధి ఒడియా ఫ్రెండేమో, చీకటి పడిందనుకొని చేపలన్నీ పైకొచ్చేస్తాయి, అదే అసలు టైమంటాడు. 2022లో దీపావళి మర్నాడు గ్రహణమని మావయ్య బోటు దింపనివ్వలేదు, రెండ్రోజులాగి వెళ్తే వల నిండిపోయింది, గ్రహణం పట్టి సముద్రం రెస్టు తీసుకుంది కాబట్టే అంటున్నాడు. వీళ్లిద్దరిలో ఎవరిది కరెక్టు?
- ఒక పాఠకుడు, గోపాల్‌పూర్

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం, కానీ ఆ సగం మీకు పనికొచ్చేది కాదు. సముద్రంలో కంటికి ఆనని చిన్న చిన్న జీవాలు పగలు లోతుకి దిగిపోయి రాత్రి పైకొస్తాయి, వాటిని తినే చేపలు కూడా వెనకే వస్తాయి, ఇది రోజూ జరిగేదే. 1963 జూలై 20 గ్రహణం అప్పుడు సైంటిస్టులు అట్లాంటిక్‌లో సౌండర్ (నీళ్లలోకి శబ్దం పంపి లోపలేముందో చూసే పరికరం) పెట్టి చూస్తే పట్టపగలే ఆ జీవాల పొర పైకి లేచింది. 1998 ఫిబ్రవరిలో గాలాపగోస్ దీవుల దగ్గర నీళ్లలో దిగి చూసినవాళ్లకి, పగటిపూట తిరిగే చేపలు పొద్దుగూకినట్టే రాళ్ల సందుల్లోకి చేరిపోవడం కనిపించింది. అయితే ఈ రెండూ సంపూర్ణ గ్రహణాలు, చుట్టూ నిజంగా చీకటి పడేవి. మీ తీరం మీద అలాంటిది 1980 ఫిబ్రవరి 16న పడింది, మధ్యాహ్నం మూడు దాటాక, ఖమ్మం మీదుగా వచ్చి మీ గోపాల్‌పూర్, పూరీ దగ్గర సముద్రంలోకి వెళ్లిపోయింది, మావయ్యకి అరవై దాటుంటే గుర్తుండాలి అడగండి. అదైనా నిమిషాల్లో అయిపోయింది, ఆ టైములో వల దింపి మళ్లీ లాగడం కూడా కుదరదు.

మామూలుగా మనకి పడేవి పాక్షికాలు. సూర్యుడు సగం మూసుకుపోయినా వెలుగు సగమే తగ్గుతుంది, నల్లమబ్బు ఒకటి అడ్డొస్తే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, మబ్బు పట్టిన ప్రతిసారీ చేపలు పైకొచ్చేస్తే మీరందరూ ఈపాటికి మేడలు కట్టేసేవాళ్లు. అందులోనూ రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర బురదనీళ్లలో పైనున్న వెలుగు కిందికి దిగేదే తక్కువ.

ఇంక 2022 సంగతి. అక్టోబర్ 25న మీకు సూర్యుడు కుంకే ముందు ఓ అంచు మాత్రం కొరికినట్టు కనిపించి ఉంటుంది, అంతే. కానీ దానికి ముందు రాత్రే సిత్రాంగ్ తుఫాను బంగ్లాదేశ్ దగ్గర తీరం దాటింది, బంగాళాఖాతంలో వేటకెళ్లొద్దని హెచ్చరికలున్న రోజులవి. బోట్లన్నీ ఒడ్డునే ఉండిపోయాయి, పైగా అమావాస్య పోటు. సూర్యగ్రహణం ఎప్పుడొచ్చినా అమావాస్యకే వస్తుంది, అమావాస్యకి, పున్నానికి పోటూ పాటూ రెండూ గట్టిగా ఉంటాయి, ఆ జోరు ఇంకో రోజో రెండ్రోజులో సాగుతుంది, మొగల్లో నీళ్లు లాగుతుంటే చేపా రొయ్యా కదులుతాయి, ఇది మావయ్యకి నాకంటే బాగా తెలుసు. గ్రహణం ఉన్న అమావాస్యకీ లేని అమావాస్యకీ పోటులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కావాలంటే నాలుగు మామూలు అమావాస్యల వేట రాసిపెట్టుకొని పోల్చి చూడండి. మావయ్య ఆపిన కారణం ఏదైనా, ఆ వారం ఆపడం మాత్రం మంచి పనే.

రేటు సంగతి అడగలేదు గానీ చెప్తాను, గ్రహణం రోజు మీ వైపు పొయ్యి వెలిగించని ఇళ్లే ఎక్కువ కదా, పట్టుకొచ్చినా కొనేదెవరు? అసలు కార్తీకంలోనే సగం మంది ముట్టరు, చివరి ఐదు రోజులైతే కొంగ కూడా చేప తినదంటారు ఒడియావాళ్లు. (కొంగల్ని అడిగినవాళ్లు లేరనుకోండి.) పట్టిన చేప గ్రహణం కిరణాలకి విషమైపోవడం లాంటిది ఏమీ లేదు, ఐసు లేకపోతేనే పాడవుతుంది, అది ఏ రోజైనా అంతే.

ప్రశ్న: బాహుదా బ్రిడ్జి కింద గాలం వేస్తుంటాను, నా దగ్గర మంచి పోలరాయిడ్ కళ్లద్దాలున్నాయి, వాటితో గ్రహణం చూడొచ్చా?
- ఇచ్ఛాపురం నుంచి

జవాబు: వద్దు బాబూ. అవి నీళ్ల మీద మెరుపు తగ్గించి లోపలి చేప కనపడేలా చేస్తాయి, సూర్యుణ్ణి ఆపలేవు. కంటి లోపలి రెటీనాకి నొప్పి తెలీదు, కాలిపోయిన సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఐఎస్ఓ 12312-2 అని రాసున్న గ్రహణం కళ్లద్దాలు గానీ 14 నంబరు వెల్డింగ్ గ్లాసు గానీ వాడండి. ఎక్స్‌రే ఫిల్మూ, పళ్లెంలో పసుపునీళ్లూ రెండూ పనికిరావు. అన్నిటికంటే సులువు, మీ కొబ్బరిచెట్ల నీడ చూడండి, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకల్లా కనిపిస్తాయి, చెట్టు లేకపోతే జల్లెడ ఎండలో పట్టినా అదే కనిపిస్తుంది.

ప్రశ్న: అయ్యా, బరంపురంలో చేపలమ్ముకుంటాను. కోడలికి అయిదో నెల, గ్రహణం టైములో తెలీక చేప కోసేసింది. బిడ్డకి గ్రహణం మొర్రి వస్తాదని అందరూ భయపెడుతున్నారు, పిల్ల ఏడుస్తోంది.
- ఒక అత్తగారు

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లని ఏడవొద్దని చెప్పండి. బిడ్డ పెదవి తయారయ్యేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు, అంగిలి తొమ్మిదో వారానికల్లా అయిపోతుంది. అయిదో నెలలో కత్తి పట్టినా పట్టకపోయినా అందులో మార్పేమీ ఉండదు. మొర్రికి కారణాలు వేరు, కొంత వంశంలోంచి వస్తుంది, తల్లి సిగరెట్టో బీడీయో కాల్చడం లాంటివి కొంత. కోడలికి గుడాకు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) అలవాటుంటే మాత్రం మాన్పించండి, కడుపులో బిడ్డకి అది మంచిది కాదు. ఇంకోసారి గ్రహణమొస్తే సూతకమని పూటంతా పస్తుంచొద్దు, మంచినీళ్లయినా తాగనివ్వండి. స్కానింగ్ తేదీ దాటిపోకుండా చూసుకోండి చాలు.

ప్రశ్న: 2027 ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?
- రాయగడ

జవాబు: తేదీ నిజమే, ఆరు నిమిషాలూ నిజమే, ప్రపంచమంతా అన్నదే అబద్ధం. ఆ చీకటి స్పెయిన్ దక్షిణం, ఉత్తర ఆఫ్రికా, సౌదీ, యెమెన్ మీదుగా సన్నటి దారిలో పోతుంది, ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్ల దాకా ఉంటుంది. మన దేశంలో ఎక్కడా పూర్తి చీకటి పడదు. పైన గోపాల్‌పూర్ తమ్ముడికి కూడా ఇదే, జూన్ 14తో వేట నిషేధం అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ రోజు బోటు దింపడానికి గ్రహణం అడ్డు కాదు, ఆగస్టు కదా, వాయుగుండం హెచ్చరిక ఉందేమో చూసుకొని వెళ్లండి.