మెడ, అరచేతుల నొప్పికి రికంబెంట్ సైకిల్ పనిచేస్తుందా? వైజాగ్‌లో తొక్కుతున్నవాడిగా నా జవాబు

మీ ప్రశ్న ఇదీ: వయసు నలభై ఐదు దాటింది, రోడ్ బైక్ (ముందుకు వంగి తొక్కే సన్న టైర్ల సైకిల్) మీద గంట గడిస్తే మెడ పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, కూర్చునే చోట మంట. వెనక్కి వాలి తొక్కే రికంబెంట్‌కి మారితే ఇవి తగ్గుతాయా, వైజాగ్ రోడ్ల మీద అది నడుస్తుందా అని. నేనూ ఇవే బాధలు పడి మారాను. నాకైతే తగ్గాయి. కానీ కొనాలా వద్దా అన్నది మీ ఇల్లు ఎటువైపు, రోజూ ఏ దారిలో తొక్కుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మామూలు సైకిల్లో ఒంటి బరువు సన్నటి సీటు మీదా, రెండు అరచేతుల మీదా పడుతుంది, పైగా ముందుకు వంగి తలెత్తి చూడాలి కాబట్టి మెడ పట్టేస్తుంది. రికంబెంట్‌లో పడక్కుర్చీలో వాలినట్టు కూర్చుంటాం, వీపూ పిరుదులూ కలిసి బరువు మోస్తాయి, చేతులకి హ్యాండిల్ తిప్పడం, బ్రేకు నొక్కడం తప్ప పనుండదు. నాది ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే ట్యాడ్‌పోల్ ట్రైక్. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కి దిగినా మెడలో పట్టు ఉండదు, సముద్రం కూడా తల తిప్పకుండానే కనబడుతుంది.

చూసినవాళ్లు ఇది పేషెంట్ల బండి అంటారు, పట్టించుకోకండి. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ రైడర్ షార్ల్ మోషే తయారుచేసిన రికంబెంట్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటించి, 1914 నుంచి నిలిచి ఉన్న గంట రికార్డుని కొట్టేశాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇలాంటి బళ్లని పోటీల నుంచి తీసేసింది. గాలికి ఒళ్లు తక్కువ తగులుతుంది కాబట్టే ఆ వేగం, బీచ్ రోడ్డులో ఎదురుగాలి కొట్టే రోజున ఆ తేడా మీకే తెలుస్తుంది.

అసలు కష్టం ఎత్తుల దగ్గర. ఇందులో లేచి నిలబడి తొక్కడం కుదరదు. రుషికొండ దగ్గరి ఎత్తులు పర్వాలేదు, కైలాసగిరి ఘాట్ రోడ్డుకి మాత్రం బాగా చిన్న గేర్ ఉండాల్సిందే. వీపుని సీటుకి ఆనించి ఎంత బలంగానైనా తోసేయొచ్చు కాబట్టి పెద్ద గేర్‌లో మొండిగా తోస్తే ఆ భారమంతా మోకాళ్ల మీద పడుతుంది, మెడ నొప్పి పోయి మోకాలి నొప్పి పట్టుకుంటుంది. చిన్న గేర్ వేసి కాళ్లు చకచకా తిప్పండి. పెడల్ దూరంగా ఉన్నప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా పెడల్స్ బిగించి ఉండే ముందు గొట్టాన్ని సర్దుకోవాలి. రెండు చక్రాల రికంబెంట్ నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఊగుతుంది, ట్రైక్‌లో నడక వేగంతో ఎక్కినా పడిపోయే భయం లేదు, ఆగాలనిపిస్తే ఆగొచ్చు. పార్కింగ్ బ్రేక్ ఉన్నదే తీసుకోండి. పాదం జారి బండి కిందకి పోతే చీలమండ విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి బూటుని పట్టి ఉంచే క్లిప్ పెడల్సో, మడమని పట్టి ఉంచే పట్టీలో తప్పనిసరి.

ట్రాఫిక్ గురించి గట్టిగానే చెబుతున్నా. మీ తల కారు అద్దం కంటే కింద ఉంటుంది. వెనక ఎత్తైన జెండా, పగలు కూడా వెలిగే లైటు, రెండు వైపులా అద్దాలు పెట్టినా నేను ఎన్ఏడీ జంక్షన్, గాజువాక వైపు తీసుకెళ్లను, అక్కడ లారీ డ్రైవర్‌కి మనం కనబడతామన్న నమ్మకం నాకు లేదు. బస్సు పొగ నేరుగా ముఖానికే కొడుతుంది. కుక్కలు కూడా మన కళ్ల ఎత్తులోనే ఎదురొస్తాయి, మొదట్లో టెన్షన్ పుడుతుంది. మీది ఎంవీపీ కాలనీ, సాగర్ నగర్ వైపైతే తెల్లారి బీచ్ రోడ్డు ఎక్కేయొచ్చు, హాయిగా ఉంటుంది. ఆఫీసుకి గాజువాక మీదుగా వెళ్లాలంటే మాత్రం వద్దు. ఉన్న సైకిల్‌కే హ్యాండిల్ ఎత్తు పెంచి, మీరు కూర్చునే చోటి ఎముకల వెడల్పుకి తగ్గ సీటు వేయించుకోండి, సగం బాధ అక్కడే తగ్గొచ్చు.

ఇంకోటి, ఉప్పుగాలి. దీని చైను మామూలు చైన్లు రెండు మూడు కలిపినంత పొడుగు, వారం తుడవకపోతే తుప్పు కనబడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ముందు లిఫ్ట్ తలుపు టేపు పెట్టి కొలవండి, ఈ ట్రైకులు చాలావరకు 80 సెంటీమీటర్ల అటూ ఇటూ వెడల్పుంటాయి. కొనేముందు ఒకసారి తొక్కి చూడాలనుకుంటే ఆదివారం పొద్దున్నే తెన్నేటి పార్క్ దగ్గరికి రండి, నా బండిని మీ కాళ్లకి సర్ది ఇస్తాను, జోడుగుళ్లపాలెం దాకా వెళ్లి రండి.