కిటికీల సంగతి తర్వాత, ముందు అటకెక్కు

చి॥ చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. డెట్రాయిట్ పక్కన 1950ల నాటి ఇల్లు కొని, మొదటి చలికాలం గ్యాస్ బిల్లు చూడగానే కిటికీలన్నీ మార్పించేద్దామనుకుంటున్నావట. ఆగు. ఆ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వేడిగాలి పైకెక్కి అటక, అంటే ఇంటి కప్పు కింది ఖాళీ చోటు, సందుల్లోంచి బయటపడుతుంది. పోయినంత గాలినీ ఇల్లు బేస్‌మెంట్ సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. నీ కాళ్ల దగ్గర జివ్వుమనే చలికి మందు నెత్తిమీద ఉందన్నమాట.

సందులెక్కడున్నాయో ముందు చూసుకో. గాలి వీచే చలిరోజున ఇంటిని వేడిచేసే ఫర్నేసూ గ్యాస్ వాటర్ హీటరూ కాసేపు ఆపి, కిటికీలు మూసి, వంటింటి ఫ్యానూ బాత్రూం ఫ్యాన్లూ వెయ్యి. దేవుడి గదిలోంచి ఓ అగరొత్తి తెచ్చి తలుపు అంచులు, స్విచ్‌బోర్డులు, బేస్‌మెంట్ గోడల పైభాగం వెంట తిప్పు. పొగ పక్కకి వాలిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టు. కర్టెన్లు జాగ్రత్త.

అటకలోకి ఎన్-95 మాస్కు, గ్లవ్స్ లేకుండా వెళ్లకు. దూలాల మీదే అడుగెయ్యి; మధ్యలో వేశావంటే కాలు కింద హాల్లో వేలాడుతుంది. ఇన్సులేషన్ (వేడి పోకుండా అక్కడ పరిచిన పొర) గులకల్లా మెరుస్తుంటే అది వర్మిక్యులైట్ అనే ఖనిజం కావచ్చు, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. పరీక్ష చేయించేదాకా కదపకు. పాత ఫైబర్‌గ్లాస్ (గాజుపీచు దూది) ఎత్తి చూస్తే కొన్నిచోట్ల అడుగున మసి పట్టినట్టు నల్లగా ఉంటుంది. గాలి దూరేది అక్కడే: దూది ధూళిని పట్టుకుంది, గాలిని వదిలేసింది. సందులు మూయకుండా పైన ఇంకో దూది పొర పరచడమంటే అల్లిక స్వెటరేసుకుని చలిలో బండి నడపడమే.

పావు అంగుళం లోపు సందుకి కాల్క్ (సందులు పూడ్చే ముద్ద) చాలు. అంతకు మించి మూడంగుళాల దాకా డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే ఫోమ్ కొట్టు, ఇంకా పెద్దదైతే ఫోమ్ బోర్డు ముక్క కోసి అంచులకి ఫోమ్. గోడల తలకట్టు మీద వైర్లు దిగే కన్నాలు, డ్రైనేజీ పైపు చుట్టూ ఉన్న ఖాళీ ముఖ్యం. చలికి బిగిసిన డబ్బా సరిగా ఉబ్బదు, ముందురోజే ఇంట్లో పెట్టు. చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ వాడకు. రేకు కత్తిరించి బిగించి, వేడి తట్టుకునే సీలెంటు పూయాలి. బాత్రూం ఫ్యాను గొట్టం అటకలోనే వదిలేసి ఉంటే కప్పు బయటికి తీయించు, లేకపోతే ఆ ఆవిరికి చెక్క బూజు పడుతుంది.

ఇదంతా అయ్యాకే ఇన్సులేషన్. ఇప్పుడున్న నాలుగంగుళాలు దాదాపు ఆర్-11; ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత, ఎంత ఎక్కువైతే అంత మేలు. సెల్యులోజ్ (కాగితం పీచు) అంగుళానికి ఆర్-3.5 లెక్కన మరో 14 అంగుళాలు పోస్తే ఆర్-60 వస్తుంది. అది కొన్నాళ్లకు కుంగుతుంది గనక, ముందు ఎంత ఎత్తు పోయాలో బస్తా మీది పట్టికలో చూసుకో. చూరు దగ్గర గాలి దారి మూసుకుపోకుండా ముందే బాఫిల్స్ (గాలికి దారి ఉంచే పలకలు) కొట్టు. అటక మూత వెనక ఫోమ్ బోర్డు అతికించి, అంచుకి రబ్బరు పట్టీ వెయ్యి. ఆ మూత సంగతి అందరూ మరిచిపోతారు.

బేస్‌మెంట్‌లో పునాది మీది రిమ్ జాయిస్ట్ (నేల దూలాల చివర చుట్టూ ఉండే చెక్క) గళ్లలో రెండంగుళాల ఫోమ్ బోర్డు ముక్కలు, చుట్టూ పావు అంగుళం వదిలి పెట్టి, ఆ ఖాళీ ఫోమ్‌తో నింపు. ఒట్టి ఫైబర్‌గ్లాస్ కుక్కితే ఇంటి తేమ దాన్ని దాటి చల్లని చెక్క మీద నీరై కూర్చుంటుంది, చెక్క కుళ్లుతుంది. ఫోమ్ పైన ఇంకేదైనా పొర కప్పాలో లేదో మీ ఊరి కోడ్ ఆఫీసులో (ఇళ్ల నిర్మాణ నియమాలు చూసే చోట) కనుక్కో. తలుపులకి కింద స్వీపు (అడుగు సందు మూసే పట్టీ), చుట్టూ రబ్బరు పట్టీ చాలు.

అసలు ప్రమాదం చివర్లో ఉంది. ఇల్లు బిగుతయ్యాక, మీ తాలింపు పొగని లాగే ఆ పెద్ద వంటింటి చిమ్నీ ఫ్యాను వాటర్ హీటర్ పొగను కూడా వెనక్కి ఈడ్చగలదు. ఫ్యాన్లన్నీ వేసి, హీటర్ వెలిగించిన కాసేపటికి దాని పై గొడుగు దగ్గర అగరొత్తి పట్టు. పొగ గొడుగు లోపలికి పోవాలి. బయటికి తన్నితే హీటర్ ఆపి, మెకానిక్‌ని పిలిచేదాకా వెలిగించకు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు; పడకగదుల దగ్గరా బేస్‌మెంట్‌లోనూ దాన్ని పసిగట్టే అలారాలు ఈ పని మొదలుపెట్టకముందే పెట్టించు.

మీ మామయ్య