ఎర్ర పెన్ను జేబులోనే ఉండనివ్వండి

"మాది దేవరకొండ దగ్గర పల్లె. మావారు సర్కారు బడిలో టీచరు. బాబు ఆరో తరగతి. నోటితో గంటసేపు చెప్తడు, రాయమంటే నాలుగు లైన్లు దాటడు. మావారు రోజూ నోటుబుక్కు పట్టుకొని ఎర్రగీతలు కొడతరు, నచ్చకపోతే పేజీ చింపుతరు, ఒక్కోసారి చెయ్యి చేసుకుంటరు. చెర్వుగట్టు జాతర మీద 'ట్రాక్టర్ల పోయినం' అని రాసినందుకు కూడా తిట్లే. దెబ్బలు పడొద్దని వ్యాసాలు నేనే రాసి వాడితో ఎక్కిస్తున్న. మా అత్తమ్మ పేజీకి పది రూపాయలిస్తనంటున్నది. చేతిరాత క్లాసుకు పంపాలా, హాస్టల్లో వేయాలా?" – ఒక తల్లి

రెండూ వద్దమ్మా. చేతిరాత క్లాసులో అక్షరం గుండ్రంగా వస్తుందేమో గానీ, చెప్పాలన్న కోరిక పుట్టదు. హాస్టల్ మాట ఇక ఎత్తకండి.

గంటసేపు చెప్పగలిగిన పిల్లవాడికి మాటలకు కరువు లేదు. రాసిన కాగితం నాన్న చేతిలో పడుతుందన్నదే వాడి భయం. రాసేటప్పుడు ఏం చెప్పాలో ఆలోచించాలి, వాక్యం మనసులో పట్టుకోవాలి, ఒత్తులూ దీర్ఘాలూ చూసుకోవాలి. మనసంతా ఒత్తు మీదే ఉంటే వాక్యం జారిపోతుంది. అందుకే తప్పు రాదని నమ్మకమున్న చిన్న చిన్న మాటలే ఏరుకొని నాలుగు లైన్లతో బయటపడుతున్నాడు.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. టీచరుగా మీవారికి అది తెలియనిది కాదు. ఊరి పిల్లల మీద ఎత్తకూడని చెయ్యి కన్నకొడుకు మీద ఎందుకు లేవాలి? ఈ మాట పిల్లల ముందు వద్దు, అత్తమ్మ ముందూ వద్దు. రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు మీరే అడగాలి. ఆయనకు ఎదురు చెప్పలేక చాటుగా రాసిస్తున్నారు కదా, దానివల్ల 'నా రాత పనికిరాదు' అని అమ్మ కూడా ఒప్పుకున్నట్టే వాడికి అర్థమవుతుంది. ఈ రోజుతో అది ఆపండి.

'పోయినం' సంగతి. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతాం. ఆ భాషే ఇంట్లో రాస్తే గీత కొట్టడం నాకు కష్టంగా ఉంది. పరీక్షలో 'వెళ్ళాం' రాయాలంటే అది వేరేగా నేర్పవచ్చు. అలా రాయాల్సింది బడి నోటుబుక్కులో.

ఇంట్లో ఒక వంద పేజీల పుస్తకం విడిగా పెట్టండి. ఆదివారం తప్ప అందులో ఎవరూ దిద్దకూడదు. రోజుకు పది నిమిషాలు చాలు, బడినుంచి వచ్చి ఏమన్నా తిన్నాక. మొదటి వారం బాబు చెప్తాడు, నాన్న రాస్తారు. ఐదారు వాక్యాలు, వాడు అన్నది అన్నట్టే, 'పోయినం' సహా. తర్వాత వాడే పైకి చదవాలి. తన మాట కాగితం మీద నిలబడటం వాడు ముందు చూడాలి. రెండో వారం మొదటి రెండు వాక్యాలు నాన్నవి, మిగతావి వాడివి. మూడో వారం నుంచి వాడే రాస్తాడు. ఏదైనా మాట దగ్గర ఆగిపోతే మొదటి అక్షరం వేసి, కింద గీత గీసి ముందుకు పోనివ్వండి.

'మా ఊరు' లాంటి విషయం ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పిల్లలు గైడు పట్టుకుంటారు. 'తాత బత్తాయి తోటల బోరు ఎండిన రోజు' అనండి, చూసింది రాస్తాడు. రాసింది చదివి నాన్న కింద ఒక్క ప్రశ్న పెట్టాలి: "ట్రాక్టరు ఆగినప్పుడు నువ్వెక్కడ కూర్చున్నవ్?" జవాబు మర్నాటికి. నాలుగు లైన్లు పదయ్యేది ఇలాగే. బతుకమ్మకు తంగేడు ఎవరు తేవాలి, గునుగు ఎవరు తేవాలి అన్న చిట్టీ కూడా వాడితోనే రాయించండి. నలుగురికీ అవసరమైన రాత అంటే వాడికీ పట్టింపు వస్తుంది.

దిద్దడం ఆదివారం మాత్రమే. వాడు ఎంచుకున్న ఒక పేజీలో ఒక్క రకం తప్పే, ఈ వారం ఒత్తులనుకోండి. వేలు పెట్టి పైకి చదువుతూ మూడింటిని వాడే పట్టుకోవాలి. మిగతావి వదిలేయండి, ఇరవై గీతలు ఒకేసారి చూస్తే ఒక్కటీ బుర్రకెక్కదు.

అత్తమ్మ పది రూపాయలు వద్దు. పేజీ నిండటానికి అక్షరాలు లావు చేస్తాడు, డబ్బు ఆగితే రాత ఆగుతుంది. దానికి బదులు రాసింది తనకు చదివి వినిపించమని అడగమనండి, నాయనమ్మ వింటుందంటే వాడికి అంతకన్నా ఏం కావాలి!

చదివేటప్పుడు కూడా లైన్లు దాటేసినా, అక్షరాలు తారుమారైనా ముందు కళ్ళు చూపించండి. కళ్ళు బాగుంటే పిల్లల సైకాలజిస్టును కలవండి. అప్పుడది బద్ధకం కాదు, తిట్టినా కొట్టినా పోదు.

ఆ వంద పేజీల పుస్తకం మాత్రం మీరు కొనకండి. తండ్రీకొడుకులిద్దర్నీ దేవరకొండ బజారుకు పంపి, అట్ట రంగు బాబునే ఎంచుకోనివ్వండి.