సైన్స్ బాగానే తెలిసినా సైన్స్ బొమ్మల జోకులు ఎందుకు అర్థం కావు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిగ్రీ దాకా సైన్స్ చదివాను, ఫార్ములాలు గుర్తున్నాయి, అయినా సైన్స్ మీమ్ చూసి అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం ఏమీ తట్టదు, ఎక్కడ తప్పుతున్నాను?

నాకూ చాలా ఏళ్లు ఇదే బాధ. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. నా అనుభవంతో చెబుతున్నాను, లోపం మీ సైన్స్‌లో లేదు. ఈ బొమ్మల్లో చాలావాటికి ఆధారం ఇంగ్లిష్ మాటల శబ్దం. మనం బొమ్మ చూడగానే దాని అర్థం ఆలోచిస్తాం కానీ పేరు పలకం. శ్లేష దాగి ఉండేది ఆ పేరులోనే.

నేను మొదట విప్పిన బొమ్మ ఇంకా కళ్ల ముందే ఉంది. ఎమ్మెస్సీలో ఉండగా స్నేహితుడొకడు ఫోన్‌లో చూపించాడు. ఒక షడ్భుజి, లోపల ఒక వృత్తం, అంటే బెంజీన్ అనే రసాయనానికి వేసే వలయం. పై మూలన ఒక డాక్టరు, సరిగ్గా దానికి ఎదురుగా కింది మూలన ఇంకో డాక్టరు, ఇద్దరి మెడలోనూ స్టెతస్కోపులు. బెంజీన్ క్యాన్సర్ కారకం కదా, అందుకే డాక్టర్లను పెట్టారేమో అనుకున్నాను. వాడు తల అడ్డంగా ఊపి, "వాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడరా" అన్నాడు. ఒకటి, నాలుగు స్థానాలు. వలయంలో ఇలా ఎదురెదురుగా ఉంటే కెమిస్ట్రీలో పారా అంటారు. ఇంగ్లిష్ వాడుకలో డాక్టరును డాక్ అంటారు, ఇద్దరైతే డాక్స్. పారా, డాక్స్... పారడాక్స్! విరోధాభాస అన్నమాట. వెంటనే రెండో బొమ్మ చూపించాడు. అందులో డాక్టర్లు పక్కపక్క మూలల్లో ఉన్నారు. ఒకటి, రెండు స్థానాలంటే ఆర్థో. ఆర్థోడాక్స్, అంటే సంప్రదాయవాది. అది మాత్రం క్షణంలో తట్టింది.

అదే ఇద్దరినీ ఒకటి, మూడు స్థానాల్లో, అంటే మెటాలో నిలబెడితే 'డాక్స్' పనికిరాదు. అప్పుడు వాళ్లను ఫిజీషియన్స్ అనాలి. మెటాఫిజీషియన్స్, అంటే తత్వచింతకులు. ఒక పేరు కుదరకపోతే దాని ఇంకో పేరు పెట్టి చూడాలని నాకు అక్కడే తెలిసింది. వస్తువు ఏమిటి అన్నదాంతో పాటు ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి అన్నది కూడా ఆ మాటలో భాగమే.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి ఉంది. బొమ్మలో ఉన్న ప్రతిదాని ఇంగ్లిష్ పేరూ తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే స్పెల్లింగ్ అడ్డుపడుతుంది. తెలుగులో రాస్తే శబ్దం ఒక్కటే మిగులుతుంది. ఉదాహరణకు టీషర్టుల మీద వేసే ఆ వరస చూడండి: మైనస్ ఒకటికి వర్గమూలం, రెండు ఘనం, సిగ్మా గుర్తు, పై గుర్తు. తెలుగులో రాస్తే ఐ, ఎయిట్, సమ్, పై. నేను కొంచెం పై (అదొక తినుబండారం) తిన్నాను అని! ఎనిమిదికీ, తిన్నాను అనే మాటకూ ఇంగ్లిష్ స్పెల్లింగులు వేరు, మన లిపిలో రెండూ ఎయిట్. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. మూడోదాన్ని 'సిగ్మా' అని చదివితే జోకు పోతుంది, అది చేసే పని పేరుతో 'సమ్' అనాలి. గుర్తు పేరుతో కుదరకపోతే దాని పని పేరు పెట్టి చూడండి.

కొన్నిసార్లు మనం వస్తువును పిలిచే పేరే వేరు. ఇనుము గుర్తును ఎనిమిదిసార్లు గుండ్రంగా పేర్చి, ప్రతిదాని మీదా 2 ప్లస్ ఆవేశం రాసిన బొమ్మ ఒకటుంది. 2 ప్లస్ ఆవేశం ఉన్న ఇనుమును ఫెర్రస్ అంటారు, గుండ్రంగా ఉంది కాబట్టి వీల్. ఫెర్రస్ వీల్ అని పలికాక కూడా నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మనం జెయింట్ వీల్ అనేదాన్ని అమెరికాలో ఫెర్రిస్ వీల్ అంటారు. 1893లో చికాగో ప్రదర్శన కోసం దాన్ని కట్టిన ఇంజనీరు జార్జ్ ఫెర్రిస్ పేరు అది. ఆ సంగతి తెలియకపోతే కెమిస్ట్రీలో బంగారు పతకం ఉన్నా లాభం లేదు. (అదే 3 ప్లస్ అని రాస్తే ఫెర్రిక్ అవుతుంది, జోకు చచ్చిపోతుంది. మంచి బొమ్మలో చిన్న అంకె కూడా ఊరికే ఉండదు.)

పిల్లి బొమ్మ కనిపిస్తే కొంచెం ఆగండి. పిల్లి పక్కన ప్లస్ గుర్తుంటే అది క్యాట్ అయాన్, అంటే కాటయాన్ (ధనావేశం ఉన్న అయాన్). పిల్లి పెట్టెలో ఉంటే అక్కడ శబ్దం వెతకొద్దు. అది 1935లో భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ చెప్పిన ఊహా ప్రయోగం: పెట్టె తెరిచి చూసేదాకా పిల్లి బతికీ చచ్చీ ఉన్నట్టే అని. ఆ కథ తెలిస్తే చాలు. అక్టోబర్ 31, డిసెంబర్ 25 సమానం అనే జోకుకు కూడా కుదింపు అక్షరాలే తాళం: ఆక్ట్ అంటే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతి), డెక్ అంటే డెసిమల్ (మనం మామూలుగా వాడే, పది ఆధారంగా లెక్కించే పద్ధతి). ఎనిమిది ఆధారంగా 31 అంటే మూడు ఎనిమిదులూ ఒకటీ, మొత్తం 25.

ఈ ఆట తెలుగులోనూ కుదురుతుందని తెలిశాక నాకు ఇంకా ఇష్టం పెరిగింది. రేడియం గుర్తు Raను కలిపి చదివితే 'రా', పొలోనియం గుర్తు Po 'పో'. రెండింటినీ క్యూరీ దంపతులు కనుక్కున్నది 1898లోనే. పైగా రేడియం 226 ఆల్ఫా కణం వదిలి రాడాన్ 222 అవుతుంది, అది ఇంకో ఆల్ఫా కణం వదిలి పొలోనియం 218 అవుతుంది. రా కాస్తా పో అయిపోతుంది! నోట్‌బుక్‌లో దీన్ని బొమ్మగా వేశాను. గుమ్మంలో చెయ్యి ఊపి పిలుస్తున్న మనిషి పక్కన రేడియం గుర్తు, రెండు బాణాల తర్వాత తలుపు మూసేస్తున్న అదే మనిషి పక్కన పొలోనియం గుర్తు. మా చెల్లికి చూపిస్తే ముందు గుర్తుల్లోని అక్షరాలు విడివిడిగా చదివింది, ఏమీ అనలేదు. కలిపి చదవమన్నాను. రెండోసారికి పడీ పడీ నవ్వింది.