కారు యాంప్ మూగబోతే ముందు ఎర్త్ వైరు చూడండి

"యాంప్లిఫయర్ లైటు వెలుగుతోంది, సౌండ్ మాత్రం రావట్లేదు. బిగించినతను యాంప్ పోయింది, కొత్తది వేయించుకోమంటున్నాడు. నిజమేనా?" అని అడిగారు. తొందరపడి కొనకండి. యాంప్ అంటే స్టీరియో నుంచి వచ్చే సౌండ్‌ని పెంచి స్పీకర్లకి పంపే పెట్టె. వోల్టేజీ పడిపోయినా, వేడెక్కినా, స్పీకర్ వైర్లు షార్ట్ అయినా తనంతట తనే ఆగిపోయేలా ఈ రోజుల్లో యాంప్‌ని తయారు చేస్తారు. అది అంత తేలిగ్గా చావదు. లోపం చాలాసార్లు బయట ఉంటుంది, అందులోనూ ఎక్కువగా ఎర్త్ వైరు (యాంప్ నుంచి కారు బాడీకి వెళ్ళే నల్ల వైరు) దగ్గరే ఉంటుంది. ఈ మాట ఎవరితోనైనా వాదించి చెప్పగలను.

మా తమ్ముడి కారులో అచ్చంగా ఇదే జరిగింది. స్టీరియో ఆన్ చేయగానే డిక్కీలో యాంప్ పచ్చలైటు వెలిగేది. రెండు మూడు సెకన్లు ఆగి, పాట అందుకోబోయే సమయానికి ఊఫర్‌లో (బరువైన మోత ఇచ్చే పెద్ద స్పీకర్‌లో) 'టప్' మని ఓ చప్పుడు, లైటు ఆరిపోయేది. మళ్ళీ తనే వెలిగేది. ముందు సీట్లో కూర్చున్నవాడికి ఇదేమీ కనిపించదు. వాడికి తెలిసిందల్లా సౌండ్ లేదని. బిగించిన చోట మీటరు పెట్టి చూసి, "కరెంటు బాగానే వస్తోంది, యాంపే పోయింది" అని తేల్చేశారట.

ఆ మీటరు పెట్టిన పద్ధతే తప్పు. యాంప్ పని చేయనప్పుడు చూస్తే ఎంత నాసిరకం జాయింటైనా 12 వోల్టులు చూపిస్తుంది. పాట వస్తున్నప్పుడు, కరెంటు లాగుతున్నప్పుడు చూడాలి. నేను తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టి పాట పెట్టమని, మీటరు ముళ్ళు రెండూ యాంప్ మీదున్న ప్లస్, గ్రౌండ్ (ఎర్త్) స్క్రూలకే ఆనించాను. మొదట 12.3. ఊఫర్ కదలబోయేసరికి అంకె జారి 7.5కి పడింది, లైటు ఆరింది. ప్లస్ ముల్లు అక్కడే ఉంచి, నల్ల ముల్లు డిక్కీ తలుపు దగ్గర రంగు లేని ఓ బోల్టు మీద పెట్టాను. ఈసారి పాట మొదలైనా 12 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరూ, దాని ఫ్యూజూ బాగున్నాయి. పోతున్న వోల్టులన్నీ యాంప్‌కీ కారు బాడీకీ మధ్యనున్న ఆ జానెడు నల్ల వైరులోనే పోతున్నాయి.

వెనక సీటు కింద కార్పెట్ ఎత్తితే అసలు సంగతి కనిపించింది. వైరు చివరి లగ్‌ని (స్క్రూ పట్టే లోహపు కొసని) ఓ చిన్న రేకు స్క్రూతో, రంగు గీకకుండా అలాగే రేకుకి బిగించేశారు. లగ్ కింద రంగు కొత్త కారు రంగులాగే నిగనిగలాడుతోంది. స్క్రూ చుట్టూ మాత్రం వేడికి కమిలి గోధుమరంగు వలయం పడింది. అంత పెద్ద యాంప్ కరెంటంతా ఆ స్క్రూ మరల గుండా వెళ్ళాలన్నమాట! గరుకు కాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, నట్టూ బోల్టూ, పళ్ళ వాషరూ వేసి గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. పాట పెట్టగానే వెనక అద్దం అదిరింది. అదే యాంప్ ఇవాళ్టికీ మోగుతోంది.

ఈ బిగించేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం. ఎర్ర వైరుకి మంచి లావు వైరు వేస్తారు, ఎర్త్‌కి ఏదో దొరికిన ముక్క వేస్తారు. వెళ్ళిన కరెంటంతా తిరిగి రావాల్సింది ఆ ముక్కలోంచే కదా! రెండూ ఒకే లావు ఉండాలి, ఎర్త్ వైరు మూరెడు మించకూడదు. కొందరు సీటు బెల్టు బోల్టుకే ఎర్త్ తగిలిస్తారు. ప్రాణం కాపాడే బోల్టు అది, దాన్ని కదపకూడదు. ఇక మీటరు 'బీప్' మంటే చాలు, వైరు బాగుందనేవాళ్ళున్నారు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది, ఊఫర్ మాత్రం మోగదు. రాగి పూత వేసిన అల్యూమినియం వైరుని రాగి వైరని చెప్పి అమ్మడం మరో దౌర్భాగ్యం. అదే లావుకి అది తక్కువ కరెంటే మోస్తుంది.

మీ విషయానికొస్తే, లైటు ఆరకుండా నిలకడగా వెలుగుతూ, వోల్టులు కూడా నిలబడితే అప్పుడు సిగ్నల్ వైపు వెళ్ళండి. యాంప్ ఆపేసి, స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ పీకి, ఆ చోట ఫోన్‌ని తగిన కేబుల్‌తో కలపండి. యాంప్ మీదున్న గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) బాగా తగ్గించి, ఫోన్ వాల్యూమ్ సన్నగా పెట్టి ఆన్ చేయండి. పాట వచ్చిందంటే యాంపూ స్పీకర్లూ బంగారం. తప్పు కేబుల్‌దో, స్టీరియోలో ఆఫ్ అయి ఉన్న సబ్‌వూఫర్ (ఊఫర్) సెట్టింగ్‌దో. సీటు పట్టాల కింద నలిగిన కేబుల్ కూడా ఇదే పని చేస్తుంది. రేడియోకి మోగి బ్లూటూత్‌కి మూగబోతే మాత్రం రిమోట్ వైరు (స్టీరియో ఆన్ కాగానే యాంప్‌ని కూడా ఆన్ చేసే సన్న వైరు) చూడండి. చాలా స్టీరియోల్లో ఉత్త నీలం వైరు యాంటెన్నాది, రేడియో పెట్టినప్పుడే అందులో కరెంటు వస్తుంది. యాంప్‌ది తెల్ల చార ఉన్న నీలం వైరు.

యాంప్ మీద ఎర్రలైటు (తనను కాపాడుకోవడానికి ఆగిపోయిందన్న గుర్తు) వెలిగితే స్పీకర్ వైర్లన్నీ, ఆర్‌సీఏ కేబుళ్ళన్నీ తీసేసి మళ్ళీ ఆన్ చేయండి. ప్లస్, ఎర్త్, రిమోట్ మూడే ఉండి, వోల్టులు సరిగ్గా ఉన్నా ఎర్రలైటు పోకపోతే, అప్పుడు ఒప్పుకుంటాను, లోపం యాంప్‌లోనే.

ఒక జాగ్రత్త. ఎర్త్ వైరు విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, ఆర్‌సీఏ కేబుళ్ళు కూడా పీకేయండి. యాంప్ ఆన్‌లో ఉండగా ఎర్త్ ఊడితే ఆ కరెంటు ఆర్‌సీఏ కేబుల్ లోపలి లోహపు తొడుగు గుండా స్టీరియోలోకి వెళ్ళి, అందులోని సన్నని ఎర్త్ దారిని కాల్చేయొచ్చు. అక్కణ్ణుంచి ఇంజిన్ రేసు చేసినప్పుడల్లా స్పీకర్లలో కూత మొదలవుతుంది.