అరకులో ఉండాలనుకునేవాళ్లు ముందు ఊట ఎక్కడుందో అడగండి

"ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి హైదరాబాద్ వదిలేసి అరకులో చిన్న స్థలం కొనుక్కుని ఉండిపోదామనుకుంటున్నాం. అక్కడివాళ్లు కొత్తవాళ్లని కలుపుకుంటారా? పదేళ్ల తర్వాత కూడా ఆ ఊరు ఇలాగే ఉంటుందా?" అని అడిగారు.

ముందు స్థలం సంగతి చెప్పేస్తాను. మీరు గిరిజనులు కాకపోతే అరకులో స్థలం కొనలేరు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకుండా 1/70 చట్టం ఉంది. "ఎవరో ఒకరి పేరున రాయించుకుందాం సార్, ఏం కాదు" అని చెప్పే బ్రోకర్లు మీకు తప్పకుండా తగులుతారు. దయచేసి వాళ్ల మాట వినకండి. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి లోయ నిండా ప్రహరీ గోడలే ఉండేవని నా గట్టి నమ్మకం. నేను 2009లో టీచరుగా బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. రిటైరయ్యాక కూడా అద్దె ఇంట్లోనే ఉంటున్నాను. నాకు ఏ లోటూ లేదు.

మనుషుల గురించి అడిగారు కదా, హుద్‌హుద్ సంగతి చెప్తాను. 2014 అక్టోబర్ 12న తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖ నుంచి నూట పది కిలోమీటర్ల పైన, 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, మనదాకా ఏం వస్తుందిలే అనుకున్నాం. తెల్లారి చూస్తే కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు మిరియాల పాదులతో సహా వరసగా పడిపోయి ఉన్నాయి. ఘాట్ రోడ్డు మూసుకుపోయింది, రైలు లేదు, కరెంటు లేదు.

మూడో రోజుకి మా ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. బోరు ఉంది గానీ మోటారు తిరగదు. లాడ్జీలవాళ్లదీ అదే పరిస్థితి. బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎదురింటి మామ్మ చూసి, "కరెంటు పోతే మోటారు ఆగిపోద్ది గానీ ఊట ఆగిపోద్దేటి మాస్టారూ?" అంది. ఐదేళ్లుగా ఆ వీధిలో ఉంటున్నాను. మా వెనక కొండ మీద ఊట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికో మనిషి చొప్పున పారలు, గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరారు. నేనూ వెళ్లాను. ఇరవై నిమిషాల ఎక్కుడు. ఊట దగ్గర పాత సిమెంటు తొట్టి, దానికి ఒక గొట్టం. తొట్టి మీద రెండు చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. వాటిని నరికి పక్కకి దొర్లించడానికే మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత బురద తీశాం. బురదలోంచి ఏం వచ్చాయో తెలుసా? నీళ్ల ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు, మందు సీసాలు. పిక్నిక్‌కి వచ్చినవాళ్లు పైన తిని పడేసినవి వానకి కొట్టుకొచ్చాయి. చివరికి ఒకాయన గొట్టంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, చుట్టలా బిగుసుకుపోయిన చిప్స్ కవర్ ఒకటి లాగాడు. గొట్టం రెండుసార్లు దగ్గినట్టు చప్పుడు చేసి, ఎర్రగా నీళ్లు వదిలింది. సాయంత్రానికి తేటపడ్డాయి. అందరం అక్కడే కూర్చుని చోడి అంబలి తాగాం. మా వీధికి కరెంటు రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ లాడ్జీలవాళ్లు కూడా ఆ ఊట నీళ్లే మా వీధి కుళాయి దగ్గర పట్టుకున్నారు.

అప్పటిదాకా నేను వాళ్లకి స్కూలు మాస్టారిని. ఆ తర్వాతే పెళ్లికీ చావుకీ నాకు కబురు రావడం మొదలైంది. కలుపుకుంటారా అంటే, కలుపుకుంటారు. ఊరి పనికి వెళ్లాలి మరి.

ప్లేట్ల మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా చెప్పాలి. ఇక్కడి ఆడవాళ్లు అడవి నుంచి అడ్డాకులు తెచ్చి, పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి సంతలో అమ్ముతారు. అవి కొండ దిగి మైదానం ఊళ్లకి వెళ్లిపోతాయి. అదే కొండ మీద, జలపాతం దగ్గర బొంగు చికెన్ తినేవాళ్లకి మాత్రం ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేటు ఇస్తారు! ఇంత అన్యాయం ఉంటుందా? పైగా ప్రతి బొంగు చికెన్‌కీ ఒక పచ్చి వెదురు కణుపు కాలిపోతుంది. సీజన్‌లో ఒక్క ఆదివారం ఎన్ని కాలతాయో లెక్కపెట్టేవాళ్లు లేరు. మీరు వస్తే అడ్డాకు విస్తరి అడగండి. నలుగురు అడిగితే దుకాణంవాళ్లు తప్పకుండా తెప్పిస్తారు.

పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నారు. నా లెక్కంతా చెట్ల మీదే. హుద్‌హుద్‌లో నీడ పోయాక మూడు వేసవులు మా ఊట సన్నబడింది. తోటల్లో పనస, మామిడి మళ్లీ గుబురుగా పెరిగాకే ధార లావైంది. చెట్టుంటేనే ఊట, ఊట ఉంటేనే ఊరు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ కాఫీకి నీడనిచ్చే చెట్టుని కూడా అంతే ప్రేమగా చూసుకోవాలి. సిల్వర్ ఓక్ తొందరగా ఎదుగుతుంది, మిరియాల పాదుకి బాగుంటుంది, నిజమే. కానీ ఆ రోజు గాలికి ముందు పడింది అదే. మా తొట్టి పక్కనున్న పనస చెట్టుకి కొమ్మలు విరిగాయి గానీ అది కదల్లేదు.

కాబట్టి డిసెంబర్‌లో వలిసె పూలు, మంచు చూసి నిర్ణయం తీసుకోకండి. ఏప్రిల్‌లో రండి. ఒక నెల ఇల్లు అద్దెకి తీసుకోండి. పొద్దున్నే కుళాయి దగ్గర వరసలో నిలబడండి, సంచీ పట్టుకుని సంతకి వెళ్లండి, ఇంటివాళ్లని ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగండి. మా వీధిలో ఇప్పటికీ ఏటా దసరా వెళ్లాక ఇంటికో మనిషి చొప్పున ఊట బాగుచేస్తాం. అప్పటికి మీరు ఇక్కడే ఉంటే మా ఇంటికి రండి, నా దగ్గర ఇంకో పార ఉంది.