పర్లాకిమిడిలో ఉన్న అమ్మానాన్నలకు ఇవాళే పూలు చేరాలంటే ఏ సైట్ మంచిది?

అమ్మానాన్నల పెళ్లిరోజు ఇవాళే, వాళ్లు పర్లాకిమిడిలో, మీరు పూణేలో. సాయంత్రంలోగా పూలు చేరాలి, ఏ సైట్ మంచిదని అడిగారు. ఏదీ కాదండీ. అక్కడ బజార్లో పూలకొట్టు నంబరు సంపాదించండి చాలు.

రెండేళ్ల క్రితం అదే పర్లాకిమిడిలో మా దొడ్డమ్మ టీచరుగా రిటైరైంది. ఒడిశాలో అరవై నిండిన నెల ఆఖరి రోజున దిగిపోతారు కాబట్టి ఆ తేదీ ఇంట్లో అందరికీ ఏనాడో తెలుసు. నాకు మాత్రం ఆ రోజు పొద్దున పదకొండింటికి, హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నాక గుర్తొచ్చింది. టెన్షన్‌లో ఏదో సైట్ తెరిచి 761200 పిన్ కొట్టాను. "ఈరోజే డెలివరీ" అంది. తెల్ల లిల్లీల బుట్ట, ఒక్కో పువ్వు అరచేయంత, బొమ్మలో ఎంత బాగుందో! 1,149 రూపాయలు కట్టాను. కార్డు మీద "ఇక ప్రశాంతంగా విశ్రాంతి తీసుకో దొడ్డమ్మా" అని రాయమన్నాను.

ఈ సైట్లకి ఊరూరా కొట్లుండవు. డబ్బు వాళ్లు తీసుకుని, పని ఆ ఊరి కొట్టుకి అప్పజెబుతారు. పద్ధతి పాతదే, అమెరికాలో 1910లోనే పూలకొట్ల వాళ్లు జట్టుకట్టి టెలిగ్రాం మీద ఒకరికొకరు ఆర్డర్లు పంపుకున్నారు. ఇప్పుడు వాట్సాప్ ఉంది, బొమ్మ కూడా పంపొచ్చు. నా ఆర్డరుకి అదీ పంపలేదు. "తెల్ల లిల్లీ, పెద్దది, ఒకటి" అని రాసి, కింద నా కార్డు మాటలు తగిలించారు.

మన పూలకొట్లలో లిల్లీ అంటే ఏమిటి? ఒడియావాళ్లు రజనీగంధ అనేదే. ఆ పువ్వు, ఆ తెలుపు, ఆ పైన "ప్రశాంతంగా విశ్రాంతి". అక్కడి కొట్టావిడకి ఏం అర్థమవ్వాలో అదే అర్థమైంది.

సాయంత్రం ఐదింటికి ఇంటినిండా స్కూలు మాస్టర్లు, పాత పిల్లలు. డెలివరీ కుర్రాడు చెప్పులు గుమ్మం బయట విప్పి, తల దించుకుని లోపలికొచ్చాడట. చేతిలో నిలువెత్తు లిల్లీ దండ. ఎదురుగా ఉన్నది దొడ్డమ్మే. మెల్లగా అడిగాడట, "ఫోటో ఎక్కడ పెట్టినారమ్మా?"

"నాదింకా తీయించుకోలేదు నాయనా" అంది దొడ్డమ్మ.

ఫోన్లో అందరి నవ్వులూ వినబడుతుంటే నాకు చెమటలు పట్టాయి. సైట్ కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకావిడ హిందీలో మొదలుపెట్టింది. ఒడిశా ఆర్డరు కదా, తెలుగు లేదట! గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరమ్మా అది అని ఆవిడకి ఏం చెప్పను? 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ బజారులో తెలుగు ఎక్కడికీ పోలేదు. పైగా ఇంగ్లీషులో ఊరి పేరుకి ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగు, నాలుగు స్పెల్లింగులు చెప్తే గానీ ఆర్డరు దొరకలేదు. దొరికాక "డెలివర్డ్ సక్సెస్‌ఫుల్లీ" అని చదివి పెట్టేసింది.

చివరికి దండ పొట్లం మీద ఉన్న నంబరుకి చేశాను. కొట్టావిడ ఎత్తింది. "లిల్లీ అని రాసినారు, లిల్లీయే కట్టినాను. నా తప్పేటుంది బాబూ? మీరు కట్టింది వెయ్యి దాటిందా! నాకిచ్చింది ఐదొందలే." విషయం చెబితే ఒక్కసారి నాలిక్కరుచుకుంది. గంటలో ఎర్ర గులాబీలు, చామంతులు, మరువంతో బుట్ట కట్టి తనే ఆటోలో తీసుకెళ్లింది. దొడ్డమ్మ జడకి రెండు మూరల మల్లెలు కూడా. నేను ఫోన్‌పే చేసింది 400.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇంతే. ఇప్పుడే ఫోన్ చేసి "ఇవాళ ఏ పూలొచ్చాయి?" అని అడగండి. ఫలానా పువ్వే కావాలని పట్టుబట్టకండి, మీరు చూసిన బొమ్మలోని పువ్వు ఆ కొట్లో ఉండకపోవచ్చు. పెళ్లిరోజు అని మొదటి మాటలోనే చెప్పండి. పంపేముందు ఫోటో తీసి పెట్టమనండి. మెరుపుపొడి చల్లి, ప్లాస్టిక్ కాగితం చుట్టొద్దని నా మాటగా చెప్పండి, ఆ ఎండకి లోపల పూలు ఉడికిపోతాయి. అక్కడ కుదరకపోతే ఆటో ఎక్కితే ఆంధ్రాలోని పాతపట్నం, రాష్ట్రం మారుతుంది గానీ పూలు అవే.

ఇంతకీ ఆ లిల్లీ దండని దొడ్డమ్మ వెనక్కి పంపలేదు. మర్నాడు పొద్దున పెదనాన్న ఫోటోకి వేసింది. కొలిచి కట్టినట్టు సరిపోయిందట.